అందుకోని పంక్తి

పొద్దున లేవగానే రుక్మిణి చేసే మొదటి పని పియానో కింద నీళ్ళు మార్చడం. చెదలు ఎక్కకుండా దాని కాళ్ళ కింద రాళ్ళు పెట్టి, ఆ రాళ్ళను నీళ్ళు పోసిన ఇనప మూకుళ్ళలో ఉంచారు. పాత నీళ్ళు పారబోసి, కొత్తవి పోసి, పియానో మీటల మీద పొడిగుడ్డ తిప్పి, ఆ తర్వాతే ఆమె తన మొహం కడుక్కునేది. పిల్లల్లేని ఇంట్లో ఆ భాగ్యం పియానోకి దక్కిందని గుడ్‌ల్యాండ్స్ బజారులో ఆడవాళ్ళు నవ్వుకునేవారు. వాళ్ళ నవ్వు వాళ్ళది. రుక్మిణి పెరటి ఆకుకూరలు కట్టలు కట్టి గంపలో సర్దుకుని, వెళ్ళి వాళ్ళ పక్కనే కూర్చుని అమ్ముకునేది.

ఆ పియానో ఒకప్పుడు చెరకు ఎస్టేటు దొర బంగళాలో ఉండేది. పెద్ద తుఫానుకి బంగళా కప్పు ఎగిరిపోయి అది నానిపోతే, అవతల పారేయమంది దొరసాని. రుక్మిణి మొగుడు దాసు దాన్ని చెరకు బండి మీద ఎక్కించి ఇంటికి తెచ్చాడు. ఎండబెట్టి, తీగలు బిగించి, తనంతట తానే వాయించడం నేర్చుకున్నాడు. రాక్ అండ్ రోల్ దరువుకి ఈ దీవి క్రియోల్ భాష మాటలూ తాతలు ఓడలో తెచ్చుకున్న తెలుగు మాటలూ కలిపి పాటలు కట్టేవాడు. మొదట్లో అతనికి ఒక బ్యాండు ఉండేది. పెళ్ళిళ్ళలో వాయించేవారు. అందులో వంత పాడేది మిషెలిన్. కంచె అవతలి ఇంట్లో ఉండే క్రియోల్ పిల్ల, పగలంతా కుట్టుమిషను తొక్కుతూ ఉండేది.

వంత సంగతి ముందే చెప్పుకోవాలి. దాసు తండ్రి మల్లయ్య ఆ చుట్టుపక్కల రామభజనలకి గురువు. గురువు పంక్తి ఇస్తాడు, గుంపు అందుకుంటుంది. అందుకున్న పంక్తి తిరిగి వస్తుంది. ఎవరూ అందుకోని పంక్తి వెళ్ళిపోతుంది, వెళుతూ అందులో పేరున్నదాన్ని కూడా వెంటబెట్టుకుపోతుంది. ఇది ఆ పల్లెలో అందరికీ తెలిసిన విషయమే, వానలో నిలబడితే తడుస్తామని తెలిసినట్టు. కొత్త పాటలో మాట నోట్లోంచి మొదటిసారి బయటపడినప్పుడే ఆ గండం. అప్పుడు ఎవరైనా అందుకున్నారా, ఇక ఎన్నిసార్లు పాడుకున్నా భయం లేదు. వంతకి ఒక పెద్ద ఉంటుంది, ఆమె గొంతు లేచాకే మిగతా గొంతులు లేవాలి. తన పేరుకి తాను వంత పాడుకుంటే మాత్రం పట్టదు. మల్లయ్య తన కోడలు రుక్మిణినే వంతకి పెద్దగా కూర్చోబెట్టాడు. కంచె మీంచి వింటూ పెరిగిన మిషెలిన్‌కి కూడా ఆయనే నేర్పాడు.

“దేవుడి పేరుకి భయం నేదమ్మా, ఎవడో ఒకడు అందుకుంటాడు. మనిసి పేరుకి ఆ ధీమా నేదు,” అనేవాడాయన.

బ్యాండు ఉన్నన్నాళ్ళూ ఏ ఇబ్బందీ రాలేదు. దాసు దేని మీద పాడినా మిషెలిన్ వెంటనే అందుకునేది. తర్వాత రాజధాని పోర్ట్ లూయీ నుంచి రికార్డుల వ్యాపారి ఒకడు కారులో దిగాడు. పియానో ముందు ఒక్క మనిషి, ఒక్క గొంతు, అదే ఇప్పుడు లోకమంతా వింటోందని దాసుకి నూరిపోశాడు. ఎవరైనా పొగిడితే దాసుకి నేల కనిపించదు. నెల తిరక్కుండా బ్యాండు చెదిరిపోయింది.

“నువ్వొక్కడివే పాడితే అందుకునేదెవరు?” అని అడిగింది రుక్మిణి.

“హాల్లో అంతమంది ఉంటారు. సప్పట్లు కొడతారు.”

“సప్పట్లు వంతెలాగవుతాయి?”

దాసు నవ్వి పియానో ముందు కూర్చున్నాడు.

ఒంటరిగా పాడిన మొదటి పాట గుడ్‌ల్యాండ్స్‌లో బస్సులు ఆగేచోట ఉన్న బాదంచెట్టు నీడ మీద. మర్నాటినుంచి చెట్టు ఉంది, నీడ లేదు. ఎండ ఆకుల్లోంచి నేరుగా నేల మీద పడింది. అక్కడ వేరుసెనగకాయలు అమ్మేవాళ్ళు బుట్టలు ఎత్తుకుని గోడ వారకి జరిగారు. రెండో పాట తండ్రి దగ్గు మీద. జనం పడీ పడీ నవ్విన పాట అది. దగ్గు పోయింది. మల్లయ్య కొన్నాళ్ళు హాయిగా ఊపిరి పీల్చాడు. తర్వాత, దగ్గు లేని ఛాతీ తనది కానట్టుందని కోడలితో చెప్పి, ఒక మధ్యాహ్నం దాని వెనకే తనూ వెళ్ళిపోయాడు. కర్మకాండకి వచ్చినవాళ్ళు పాట బాగుందనే అన్నారు. ఆ పైన తుఫాను పాట. దీవి మీదికి వచ్చేస్తున్న తుఫానుని రేడియోలో పాడితే అది అలాగే సముద్రంలోకి వెళ్ళిపోయింది. దాంతో దాసు పేరు దీవిలో ఈ కొసన రివియేర్ దు రాంపార్ నుంచి ఆ కొసన నువెల్ ఫ్రాన్స్ దాకా పాకింది. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత అన్నట్టు రుక్మిణి మాత్రం ఆకుకూరల గంప దించలేదు.

ఆమెకి ఒకటే భయం, ఎప్పుడో ఒకప్పుడు పాటలో తన పేరు వస్తుందని. దాసు ఇంట్లో ఉన్నప్పుడు మాటల్లేకుండా వరస మాత్రమే కూనిరాగం తీసేవాడు. మాటలు కడుపులోనే దాచుకుని హాల్లో బయటపెట్టేవాడు. అందుకే గోడ ఇవతల ఎంతసేపు చెవి ఒగ్గినా ఏ పాట ఎవరిమీదో ఆమెకి తెలిసేది కాదు. అయితే నిజం చెప్పాలి, భయం ఎంతుందో ఆశ కూడా అంతే ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో చెట్టు నీడకి దక్కిన పాట తనకి దక్కలేదని ఆమెకి లోపల్లోపల కడుపుమంటగా ఉండేది.

ఇంగ్లీషువాళ్ళు దేశాన్ని వదిలిపోతామని తేదీ చెప్పిన ఏడు, దాసు ఒక నెమ్మది వరస పట్టుకున్నాడు. తెల్లారగట్ల అదే, అన్నం ముందు అదే. వింటే గుండె చెరువయ్యేది. ఇలాంటిది మనిషి మీద తప్ప కట్టరని రుక్మిణికి అర్థమైంది. ఆ మనిషి తను కాక ఇంకెవరవుతారు? ఆ రోజుల్లో ఆమె గంపలో కూర కుళ్ళిపోతున్నా గమనించలేదు.

స్వాతంత్ర్యానికి ముందురోజు సాయంత్రం పోర్ట్ లూయీలో దాసు కచేరీ. రేడియోలో దీవి అంతా వినిపిస్తారు. బయలుదేరుతూ పెళ్ళాన్ని పిలిచాడు.

“రేడియో ముంగిట్లో ఎట్టు. అందర్నీ పిలు. కొత్త పాట ఆకర్న పాడతాను. ఒక్క పంక్తి కూడా జారనివ్వకు, రుక్మిణీ.”

“ఎవరి మీద కట్టినావు?”

“ఎవరిమీదైతేనేటి? నీకంటే బాగా అందుకునేవోళ్ళు నాకెవరున్నారు?”

“నా పేరైతే నేనందుకోనేను గదా?”

దాసు బూట్ల తాళ్ళు కట్టుకుంటూ తల ఎత్తలేదు. “బస్సెల్లిపోద్ది,” అని వెళ్ళిపోయాడు.

రుక్మిణి చెయ్యి తుడుచుకుంటూ నేరుగా కంచె దగ్గరికి వెళ్ళి మిషెలిన్‌ని పిలిచింది.

“మో సేర్, సెల్లెమ్మా, సాయంత్రం నా పేరొస్తే వంతకి నువ్వే పెద్దవి. ఈశ్వరమ్మత్తకి కూడా సెప్పేస్తాను. అందుకుంటావా?”

మిషెలిన్ నోట్లో గుండుసూదులు పట్టుకుని ఉంది. ఒక్కొక్కటే తీసి గుడ్డకి గుచ్చింది. “అందుకోకుండా ఉంటానా? నువ్వు నాకు అక్కవి కాదా?” అంది. చూపు మాత్రం గుడ్డ మీదే ఉంది. తనకోసం దిగులు పడుతోందనుకుని రుక్మిణి కంచె మీంచి ఆమె భుజం నిమిరింది.

సాయంత్రం ముంగిట్లో పదిమంది చేరారు. ముసలి ఈశ్వరమ్మ చాప మీద, మిషెలిన్ నీలం గౌనులో బల్ల మీద, గోడకి ఆనుకుని మగవాళ్ళు. రేడియోలో పాత పాటలు అయ్యాయి. తర్వాత ఆ నెమ్మది వరస మొదలైంది. రుక్మిణి చెంగు బిగించి పట్టుకుంది. గట్టిగా ఊపిరి పీలిస్తే తను ఉన్నచోటే ఉండిపోతానేమోనని పిచ్చి ఆలోచన వచ్చింది.

“కంచె అవతల మిషను చప్పుడు,” అని పాడాడు దాసు, “అది మిషెలిన్.”

ఎవరూ కదల్లేదు. బల్ల మీద మిషెలిన్ గౌను వెలిసిపోవడం మొదలైంది. చూస్తూండగానే ఆమె ఒడిలోంచి బల్లచెక్క గీతలు కనబడ్డాయి. ఆమె రుక్మిణి వైపు చూసింది. క్షమించమనీ కాపాడమనీ రెండూ ఒకే చూపులో అడిగింది. తన పేరుకి తను నోరు తెరిచినా లాభం లేదని ఆమెకీ తెలుసు.

“ఓలమ్మ, మిషెలిన్ పోతంది. అందుకో గుంటా, బేగి,” అంది ఈశ్వరమ్మ రుక్మిణితో.

అప్పుడు రుక్మిణికి అంతా తెలిసింది. ఒక్క పంక్తి కూడా జారనివ్వకు అని ఎందుకన్నాడో తెలిసింది. మిషెలిన్‌ని పాటలో పెట్టుకోవాలనుకున్నాడు, పోగొట్టుకోకూడదనీ అనుకున్నాడు. ఆ కాపలాకి కట్టుకున్నదాన్ని కూర్చోబెట్టాడు. రుక్మిణి నోరు మూసుకుంటే చాలు, చెయ్యి ఎత్తక్కర్లేదు, మాట అనక్కర్లేదు. రేపు బజారులో ఎవరూ తనని ఏమీ అడగరు. మిషెలిన్ పాదాలు అప్పటికే లేవు, చెప్పులు మాత్రం ఉన్నాయి.

చెప్పుల్ని చూసి రుక్మిణి ఉండబట్టలేకపోయింది. “కంచె అవతల మిషను చప్పుడు,” అని గొంతెత్తింది. పదిమందీ అందుకున్నారు. పాదాలు చెప్పుల్లోకి తిరిగి వచ్చాయి.

“వాన పడితే ముందు నవ్వేది, అది మిషెలిన్.”

రుక్మిణి అదీ అందుకుంది. గౌనుకి నీలం తిరిగి వచ్చింది. మిషెలిన్ ఏడుస్తోంది.

“చీకటి పడ్డాక నాకోసం తలుపు గడియ వెయ్యనిది, అది మిషెలిన్.”

రుక్మిణి నోరు మూసుకుంది.

అందరూ ఆమె మొహం చూశారు. గోడ దగ్గర ఎవరో దగ్గారు. ఆ పంక్తి కాసేపు ముంగిట్లో ఆగి, ఎవరూ పట్టుకోకపోయేసరికి మెల్లగా చెరకు తోటలమీదుగా వెళ్ళిపోయింది. అందుకున్న రెండూ పట్టి ఉంచడంతో మనిషి పోలేదు, ఆ పంక్తిలో చెప్పినదే పోయింది. మిషెలిన్ ఏడుపు ఆపేసింది. ఎందుకు ఏడుస్తోందో గుర్తురానట్టు చెంపలు తుడుచుకుంది.

“దేశానికి రేపు కొత్త జెండా, నాకు మిషెలిన్,” అని పాట ముగిసింది. రుక్మిణి ఆ చివరి పంక్తిని పూర్తిగా, శుద్ధంగా అందుకుంది. అంత బాగా ఆమె ఎప్పుడూ పాడలేదని ఈశ్వరమ్మ మెచ్చుకుంది.

“ఎవరక్కా ఈ పాడేది?” అని అడిగింది మిషెలిన్. “గొంతు బాగుంది. నాకు మాత్రం తలనొప్పిగా ఉంది, వెళ్ళొస్తాను.” ఆమె వెళ్ళి తలుపు వేసుకుని, గడియ పెట్టుకున్న చప్పుడు కంచె ఇవతలికి వినబడింది.

మర్నాడు ఊరు ఊరంతా జెండా చూడటానికి గుడ్‌ల్యాండ్స్ వెళ్ళింది. మధ్యాహ్నం దాసు మెడలో దండతో దిగాడు. ఇంటికి రాకుండా ముందు కంచె అవతలికి వెళ్ళాడు. రుక్మిణి వాకిట్లో కూర ఏరుతూ చూస్తూనే ఉంది. మిషెలిన్ తలుపు సగం తెరిచింది.

“ఎవరు కావాలి, మెస్యే? కోటు కుట్టించుకోవాలా?”

దాసు ఏదో అన్నాడు. ఆమె మర్యాదగా తల అడ్డంగా ఊపి తలుపు వేసేసింది. కాసేపటికి లోపల మిషను మొదలైంది. దాసు దండ తీసి చేత్తో పట్టుకుని, వచ్చి పెళ్ళాం ముందు నిలబడ్డాడు.

“ఎన్నందుకున్నావు?”

“ఒకటి తప్ప అన్నీ.”

ఏది అని అతను అడగలేదు. లోపలికి వెళ్ళాడు. పియానో మూత ఎత్తిన చప్పుడైంది.

“ఏటి సేస్తన్నావు?” అంది రుక్మిణి.

“నీ పాట,” అన్నాడు దాసు. గొంతులో కోపం లేదు. అందుకే ఆమెకి భయమేసింది.

ఈసారి కూనిరాగం తియ్యలేదు. మాటలతోనే మొదలుపెట్టాడు. “నుదుట గుడ్డ కట్టి, ఎండకి ఒక కన్ను మూసి, చెరకు నరికేది, అది రుక్మిణి.”

పెళ్ళికి ముందు మాట అది. తోటలో అతను తనని చూశాడని ఆమెకి ఇన్నాళ్ళూ తెలియదు. చేతిలోని కూర ఆకులు అరచేతిలోంచి పచ్చగా కనబడుతున్నాయి. ముంగిట్లో ఎవరూ లేరు. కంచె దగ్గరికి వెళ్ళి ఒక్క కేక వేస్తే మిషెలిన్ వచ్చి అందుకునేదే. మాట ఇచ్చింది, ఆ మాట ఎక్కడికీ పోలేదు. రుక్మిణి లేచి రెండడుగులు వేసింది కూడా.

లోపల రెండో పంక్తి మొదలైంది. అది మొదటిదానికంటే బాగుంది. మొత్తం విన్నాక పిలుద్దామని రుక్మిణి గడప మీద కూర్చుంది.