పసుపు టేపు దాటిన బొటనవేలు

అన్నయ్య నాలుగోసారి రావడం చూసి ఆమె చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి కళ్లు మూసుకుంది. తెరిచేసరికి మాయమైపోతాడన్న ఆశేమైనా ఉందేమో తెలియదు. ఉంటే మాత్రం అది నెరవేరలేదు. అతను అద్దాల తలుపు భుజంతో తోసుకుని లోపలికి వచ్చేశాడు. ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో, కుడి చేతిలో అదే వీడియో గేమ్, మొహంలో అదే ఫిర్యాదు.

"దీని సంగతి కాస్త చూడు," అన్నాడు.

"చూశాను. మూడుసార్లు చూశాను. ఈ నెలలో అద్దంలో నా మొహం కూడా అన్నిసార్లు చూసుకోలేదు."

ఆ దుకాణంలో ఆమె చేసే పని ఒక్కటే, చేతిలో పట్టుకుని ఆడుకునే వీడియో గేములు బాగుచేయడం. వీధిలో అందరూ ఆమెను రిపేరమ్మ అంటారు. వస్తువులతో ఆమెకు ఏనాడూ పేచీ లేదు. పేచీ అంతా వాటిని తెచ్చేవాళ్లతోనే. టీ ఒలకబోసి దానంతటదే తడిసిందనేవాళ్లు, మెట్ల మీంచి జారవిడిచి బ్యాగులోంచి తీశానంతే అనేవాళ్లు. వీళ్లనైనా భరించవచ్చు. విప్పి పరిచిన వస్తువు మీదికి వేలు పోనిచ్చి "ఇదేనా పాడైంది?" అని నొక్కేవాళ్లను మాత్రం ఆమె భరించలేకపోయింది. అలా ఒకాయన నొక్కిన నొక్కుడికి ఎగిరిపోయిన స్క్రూ కోసం పూటంతా నేల మీద పాకింది. ఆ మర్నాడే బల్ల పొడుగునా పసుపు టేపు అంటించింది. టేపుకి అవతల ఆమె చెయ్యి తప్ప ఇంకో చెయ్యి రాకూడదు. బాగుచేసేదీ ఆ చేతులే, బాగైందో లేదో ఆడి చూసేదీ ఆ చేతులే. ఇన్నేళ్లలో ఆ బల్ల మీంచి వెళ్లిన వస్తువు మళ్లీ అదే రోగంతో వెనక్కి రాలేదు, అన్నయ్యది తప్ప.

అన్నయ్య క్రేన్ ఆపరేటర్. సరుకుల యార్డులో, మేడంత ఎత్తున ఉండే గాజు గదిలో కూర్చుని, రెండు లీవర్లతో ఇనుప దూలాలు ఎత్తి దించడం ఇరవై రెండేళ్లుగా అతని పని. కింద కోడిగుడ్డు పెట్టినా పెంకు చిట్లకుండా దాని మీద దూలం ఆనిస్తాడని యార్డులో చెప్పుకుంటారు. పనికి బస్సులో గంట ప్రయాణం. ఆ గంటా కారు పందెం ఆడుతూనే ఉంటాడు. యాభై నాలుగేళ్ల మనిషి, పక్కవాళ్లు ఏమనుకుంటారోనన్న ధ్యాస కూడా లేకుండా, ఆటలో మలుపు వస్తే సీటులో తనూ ఒరుగుతాడు.

వీడియో గేముల మీద గొడవ ఈ అన్నాచెల్లెళ్ల మధ్య ఇవాళ్టిది కాదు. చిన్నప్పుడు ఇంట్లో ఇద్దరికీ కలిపి ఒకే వీడియో గేమ్ ఉండేది. దాని మీద ప్లస్ గుర్తు ఆకారంలో ఒక బటన్. ఎడమ నొక్కితే ఎడమకి, కుడి నొక్కితే కుడికి. ఆమెకు ఇప్పటికీ అదే ప్రాణం. తర్వాత కొన్నాళ్లకి, బొటనవేలితో ఎటు కావాలంటే అటు వంచే చిన్న స్టిక్ వచ్చింది. అన్నయ్య ఆ పక్షానికి ఫిరాయించాడు.

"బటన్‌కి తెలిసింది రెండు ముక్కలే. నొక్కావా, లేదా," అనేవాడు. "స్టిక్ అలా కాదు. ఎంత అని అడుగుతుంది. కాస్త వంచితే కాస్త తిరుగుతుంది, బాగా వంచితే బాగా తిరుగుతుంది. మా లీవరూ అంతే."

"అందుకే నిన్ను ఏమడిగినా తిన్నగా జవాబు రాదు," అనేది ఆమె. "భోంచేశావా అంటే ఏదో కాస్త అంటావు. పెళ్లికి వస్తావా అంటే చూద్దాం అంటావు. అవునో కాదో చెప్పిన పాపాన పోలేదు."

అతను నవ్వేసి ఊరుకునేవాడు. ఊరుకోవడం కూడా ఒక జవాబే అనుకునే రకం.

మొదటిసారి వచ్చినప్పుడు, కారు దానంతటదే పక్కకి పోతోందన్నాడు. స్టిక్కులకి ఇది మామూలు జబ్బే. దుమ్ము చేరినా, లోపల అరిగినా, ఎవరూ తాకకుండానే ఎవరో తోసినట్టు ప్రవర్తిస్తాయి. ఆమె విప్పి, తుడిచి, బిగించి, పరీక్ష చేసే తెర తెరిచింది. ఆ తెర మీద ఒక వలయం, అందులో ఒక చుక్క ఉంటాయి. స్టిక్ ఎటు వంగితే చుక్క అటు పోతుంది, వదిలేస్తే నడిమధ్యకి వచ్చి నిలబడాలి. నిలబడింది. వారం తిరక్కుండా రెండోసారి వచ్చాడు. పాత స్టిక్ పీకేసి కొత్తది వేసింది. చుక్క మేకు కొట్టినట్టు నిలబడింది. ఐదోరోజుకి మూడోసారి వచ్చాడు. కొత్తది పాతదానికన్నా ఎక్కువ వణుకుతోందన్నాడు.

అప్పటికి ఆమె ఓపిక అడుగంటింది. బల్ల మీద విప్పిన వస్తువులు తొమ్మిది ఉన్నాయి. గుమ్మంలో ఒకావిడ పావుగంట నుంచీ వాచీ చూసుకుంటోంది. ఏ లోపమూ లేని వస్తువుని ఎంతకని బాగుచేస్తారు? ఆమె సెట్టింగుల్లోకి పోయి డెడ్ జోన్ పెంచేసింది. డెడ్ జోన్ అంటే మరేం లేదు, వలయం మధ్యలో ఒక చిన్న సున్నా. ఆ సున్నా లోపల స్టిక్ ఎంత కదిలినా ఆట పట్టించుకోదు. కంపెనీవాళ్లు దాన్ని ఆవగింజంత పెడతారు. ఆమె చొక్కా గుండీ అంత చేసి, డెడ్ జోన్ పెంచానని చెప్పి అన్నయ్య చేతిలో పెట్టింది. అది రిపేరు కాదని ఆమెకు తెలుసు. అరుస్తున్నవాణ్ణి గదిలో పెట్టి తలుపు మూయడం లాంటిది. అయినా పీడ విరగడవుతుందనుకుంది.

విరగడైన పీడ ఇప్పుడు బల్ల ముందు స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఏమైంది? మళ్లీ వణుకుతోందా?"

"లేదు లేదు. నువ్వు చేసింది భలే పనిచేసింది. వణుకు పూర్తిగా పోయింది. కాకపోతే మొద్దుబారింది. కొంచెం వంచితే వినదు. ఇంకొంచెం వంచితే ఒక్కసారిగా ఎగిరి గోడకి గుద్దుకుంటోంది."

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"వణుకూ ఉండకూడదు, మొద్దూ బారకూడదు. నీకొక్కడికోసం కొత్త భౌతికశాస్త్రం రాయించాలా? తుడిచాను, మార్చాను, చెయ్యకూడని పని కూడా చేశాను. ఇదే ప్లస్ బటన్ అయితే ఈ బాధే ఉండేది కాదు. నొక్కితే పోతుంది, తీస్తే ఆగుతుంది. నువ్వు నా అన్నయ్యవి కాకపోతే ఈ వస్తువు తీసుకెళ్లి చెరువులో పడెయ్యమని ఎప్పుడో చెప్పేదాన్ని."

"కోప్పడకమ్మా. నీ పని బాగాలేదన్నానా? బాగుందనే కదా యార్డులో కూడా అదే చేయించాను."

ఆమె ఆ వీడియో గేమ్ అందుకోబోయి ఆగిపోయింది.

"ఏం చేయించావు?"

"ఆ డెడ్ జోన్ పని. మా ఎడమ లీవర్ కూడా రెండు నెలల నుంచీ ఇంతే. చెయ్యి వేస్తే చాలు, కింద కొక్కెం ఊగిపోతోంది. మెకానిక్ రెండుసార్లు లీవర్ మార్చాడు. అతను పట్టుకుంటే బాగానే ఉంటుంది, నేను ఎక్కగానే మొదలు. మా చెల్లెలు ఇలా చేసింది, నువ్వూ చెయ్యి అన్నాను. నిన్న సాయంత్రం కంప్యూటర్ తగిలించి పెంచేశాడు."

"పెంచాక?"

"వణుకు పోయింది. ఈ మొద్దే మిగిలింది. నిన్న ఆఖరి దూలం దించుతుంటే ముందు కదల్లేదు, తర్వాత ఒక్కసారే మూరెడు జరిగింది. దూలం ఊగకుండా కింద తాడు పట్టుకున్నతను వేసిన గంతు చూడాలి నువ్వు." అన్నయ్య నవ్వాడు. చెల్లెలు నవ్వడం లేదని చూసి, నవ్వు మధ్యలో ఆపేశాడు.

ఒకటి జేబులో పట్టే వస్తువు, ఒకటి మేడంత యంత్రం. రెండింటికీ ఒకే జబ్బు, మార్చినా పోని జబ్బు, వేరేవాళ్లు పట్టుకుంటే కనిపించని జబ్బు. రెండింటినీ పట్టుకునే చెయ్యి ఒక్కటే. అది లోపలికి వచ్చినప్పటి నుంచీ ప్యాంటు జేబులోంచి బయటికి రాలేదు.

మూడుసార్లు తన చేతులతో ఆడి చూసి, బాగుందని ఢంకా బజాయించి పంపించింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అతని చేతిలో పెట్టి చూడాలని తట్టలేదు. ఆ దిక్కుమాలిన టేపు అడ్డం వచ్చింది. పైగా విసుగు కొద్దీ తను నేర్పిన తప్పుడు పని క్రేన్ ఎక్కి కూర్చుంది. దాని కింద తాడు పట్టుకుని ఎవరి కొడుకో నిలబడతాడు. ఆమెకు అన్నయ్య మీద జాలి వేయలేదు, తన మీద అసహ్యం వేసింది. జాలి తర్వాత వచ్చింది.

"ఇవాళ షిఫ్టు ఎన్నింటికి?"

"రెండింటికి. పన్నెండున్నర బస్సుకి పోవాలి. తొందరగా కానివ్వు."

గోడ గడియారం పన్నెండూ ఐదు చూపిస్తోంది. ఆమె సెట్టింగులు తెరిచి సున్నాని మళ్లీ ఆవగింజంత చేసింది. పరీక్ష తెర పెట్టి, వస్తువుని టేపుకి అవతల, తన వైపే ఉంచింది.

"ఎడమ చెయ్యి ఇటు పెట్టు."

"టేపు దాటా?"

"పెట్టమన్నాను కదా."

చెయ్యి జేబులోంచి బయటికి వచ్చింది. టేపు దాటింది. ఆమె అతని బొటనవేలు స్టిక్ మీద ఆనించింది. "సగం దాకా వంచి, అక్కడే ఆపు."

చుక్క సగం దాకా పోయింది. అక్కడ వేడి పెనం మీద పడిన నీటి బొట్టులా గిలగిలలాడింది.

"అదుగో. చూశావా?" అన్నాడు అన్నయ్య, పంతం నెగ్గినవాడిలా. "వణుకుతోందని మొత్తుకుంటే విన్నావా?"

ఆమె అతని వేలు తప్పించి తన వేలు పెట్టింది. చుక్క సగం దాకా పోయి నిలబడింది. మళ్లీ అతని వేలు పెట్టింది. గిలగిలలాడింది. మళ్లీ తనది. నిలబడింది. మూడోసారి ఆమె చెయ్యి తీసినా అతను వేలు పెట్టలేదు.

"బస్సు కుదుపులకి చేతులు అలిసిపోతున్నాయి," అన్నాడు.

"ఇక్కడ బస్సు లేదు."

"నిద్ర కూడా సరిగా చాలడం లేదు."

"రెండు నెలల నుంచా?"

అన్నయ్య తెర మీద చుక్క వైపే చూస్తున్నాడు. అది ఎవరూ ముట్టుకోకుండా నడిమధ్యలో బుద్ధిగా కూర్చుంది. "పోనీ ఇది తీసేసి ఆ ప్లస్ బటన్ ఉన్నది ఇవ్వు," అన్నాడు. "నువ్వు చెప్పిందే నిజం. బటన్ అయితే ఏ ఇబ్బందీ ఉండదు."

ముప్పై ఏళ్లుగా ఆ మాట అతని నోట వినాలని ఆమె కోరిక. తీరా విన్నాక ఒప్పుకోలేకపోయింది.

"బటన్‌కి తెలియదు కాబట్టి ఉండదు. చెయ్యి వణికినా నొక్కినట్టే అనుకుంటుంది. ఆటకైతే ఇస్తాను. క్రేన్‌కి ఎక్కడి నుంచి తెచ్చివ్వను?"

"ఇంకా ఆరేళ్లు సర్వీసు ఉంది," అన్నాడు అతను. గొంతు తగ్గింది. "తెలిస్తే దించేస్తారు. గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఇరవై రెండేళ్లు పైన కూర్చున్నవాణ్ణి."

"తెలుసు."

"నెమ్మదిగా దించితే ఏమీ కాదు. జాగ్రత్తగానే ఉంటున్నాను."

"చెయ్యి వణుకుతోందా అన్నయ్యా?"

"ఏదో అప్పుడప్పుడు, కాస్త..."

"కాస్త వద్దు. ఎంత అని నేను అడగలేదు. అవునా, కాదా?"

అన్నయ్య బొటనవేలు మళ్లీ స్టిక్ మీద పెట్టి, గిలగిలలాడే చుక్కని చూశాడు. ఆమె సాయం చేయలేదు. ఇంకో ప్రశ్న వేస్తే దాని చాటున దాక్కుంటాడని ఆమెకు తెలుసు.

"అవును," అన్నాడు.

ఆమె అతని చొక్కా జేబులోంచి ఫోన్ తీసి కుడి చేతిలో పెట్టింది. ఎవరికి చేయాలో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. అతను యార్డు సూపర్‌వైజర్‌కి చేశాడు.

"నేనే. ఇవాళ నా క్రేన్ ఎవరినీ ఎక్కనివ్వకు. ఎడమ లీవర్‌కి నిన్న మార్చిన సెట్టింగు తీసేసి, ముందు ఎలా ఉందో అలా పెట్టమని మెకానిక్‌కి చెప్పు. పెట్టాక ఎవరైనా ఎక్కొచ్చు." అవతలి మాట కాసేపు విన్నాడు. "లేదు, లీవర్ పాడవలేదు. మొదటి నుంచీ బాగానే ఉంది." మళ్లీ విన్నాడు. ఈసారి ఎక్కువసేపు విన్నాడు. "నేను రావడం లేదు. నా చెయ్యి పాడైంది."

ఫోన్ బల్ల మీద పెట్టేశాడు. ఎడమ చెయ్యి ఇంకా టేపుకి అవతలే, ఆమె వైపే ఉంది. ఆమె దాని మీద తన చెయ్యి వేసింది. వేశాక తెలిసింది, తెర మీద కనిపించినదానికన్నా ఎక్కువే ఉందని.

"దుకాణం మూసేస్తాను. డాక్టరు దగ్గరికి పోదాం. దారిలో వదినకి ఫోన్ చేసి చెబుదాం. వస్తావా?"

"చూద్దాం," అన్నాడు అలవాటుగా.

ఆమె చెయ్యి తీయలేదు.

"వస్తాను," అన్నాడు అన్నయ్య.