వచ్చేటప్పుడు తీసుకెళ్దాంలే

మే నెల వచ్చిందంటే చాలు, పెంబ్రోక్‌షైర్ తీరంలో మా సందులన్నీ కారవాన్లతో నిండిపోతాయి. కారు వెనక చక్రాల ఇల్లు, కారు కిటికీలోంచి తల బయటపెట్టి నాలుక వేలాడేసిన కుక్క. కుక్కను ఇంట్లో వదిలేసి సెలవులకు బయల్దేరేవాణ్ణి మావాళ్ళు మనిషిగానే లెక్కెయ్యరు. మంచిదే, నేనూ కుక్కల మనిషినే. కానీ అయ్యా, అమ్మా, ఆ సందుల్లో ముళ్ళకంచెల మీద తెల్లపూల మధ్య ఇంకేం వేలాడుతున్నాయో ఎప్పుడైనా నిలబడి చూశారా? నల్లవి, ఆకుపచ్చవి, ఊదావి, మూతి బిగించి కట్టిన చిన్న చిన్న ప్లాస్టిక్ సంచులు. లోపల ఉన్నదేమిటో వేరే చెప్పక్కర్లేదు.

కుక్క చేసినదాన్ని నేలమీద వదిలేసి పోయేవాణ్ణి మనం నానా మాటలూ అంటాం. కానీ సంచిలోకి ఎత్తి, ముడేసి, పక్కనున్న కొమ్మకు తగిలించి వెళ్ళేవాడు మన దృష్టిలో పెద్దమనిషి. అతన్ని అడిగి చూడండి, "వచ్చేటప్పుడు తీసుకెళ్దాంలే" అంటాడు. అబద్ధం కాదు, ఆ క్షణాన నిజంగానే అనుకుంటాడు. డెన్నిస్ పార్డో కూడా అలాగే అనుకున్నాడు.

డెన్నిస్‌ది దూరాన ఉన్న డడ్లీ అనే ఊరు. గొలుసుల కార్ఖానాలో పనిచేసి రిటైరైన మనిషి. పాతికేళ్ళుగా అతనూ భార్య మాయిరా ఏటా రెండుసార్లు తమ పాత కారవాన్ లాక్కుని నెరిస్ బోవెన్ పొలానికి వచ్చేవారు. నెరిస్ పశువుల రైతు. సముద్రం వైపున్న ఒక్క నేల చెక్కను మాత్రం కారవాన్ల కోసం విడిచిపెట్టింది. ఆ చెక్క పక్కనుంచి సన్నటి సందు ఒకటి ఆవుల మేత పొలం గేటు మీదుగా కొండకొమ్ము దాకా పోతుంది. ఆ కొనన ఒక బెంచీ. మాయిరాకు ప్రపంచంలో ఆ బెంచీని మించిన చోటు లేదు.

వాళ్ళ కుక్క పేరు పికిల్. ఊరగాయ అని కుక్కకు పేరు పెట్టే మనుషులు మా దగ్గర ఉన్నారు మరి. బుడ్డ టెర్రియర్, గంపెడు పొగరు. పికిల్ సందు మొదట్లోనే తన పని కానిచ్చేది. మాయిరా వంగి శుభ్రంగా ఎత్తి, సంచికి రెండు ముళ్ళు బిగించి, బెంచీ దాకా, మళ్ళీ పొలం వాకిట్లోని చెత్తబుట్ట దాకా చేత్తో పట్టుకునే నడిచేది.

"ఆ గేటుకి తగిలించి రారాదా మాయిరా? దాన్నెవరైనా ఎత్తుకుపోతారనా?" అని డెన్నిస్ వేళాకోళం చేసేవాడు.

"మన కుక్క, మన కంపు. వాసనొస్తే నువ్వు ముందు నడువు," అనేది ఆమె.

మాయిరా వచ్చిన చివరి వసంతంలో నెరిస్ మందలో ఒక పెయ్యదూడ పుట్టింది. ఒళ్ళంతా నలుపు, నుదుట తెల్లమచ్చ. తల్లి దాన్ని దగ్గరికి రానివ్వక కుమ్మి తరిమేసింది. నెరిస్‌కు మిగతా ఈతల పనితో ఊపిరి సలపడం లేదు. మాయిరా పాలసీసా అందుకుంది. రోజూ పొద్దునా సాయంత్రం ఆ గేటు దగ్గర నిలబడి దూడకు పాలు పట్టింది. సీరెన్ అని పేరు పెట్టింది, ఇక్కడి మా భాషలో చుక్క అని. తిరిగి డడ్లీ వెళ్ళే రోజున దాని మెడ పట్టుకుని ఏడ్చింది. "ఏడవకు, సెప్టెంబరులో మళ్ళీ వస్తావుగా," అంది నెరిస్. మాయిరా సెప్టెంబరులో రాలేదు. ఆస్పత్రిలో ఉంది. క్రిస్మస్ చూడకుండానే పోయింది.

ఆ మరుసటి మే నెలలో డెన్నిస్ ఒక్కడే వచ్చాడు. పిల్లలు లేని ఇల్లు, మాట్లాడే దిక్కులేదు. మిగిలింది పికిల్ ఒక్కతే. కోటు జేబులో ఊదారంగు సంచుల చుట్ట ఉంది. మాయిరా సంతలో పెట్టె నిండా కొని పడేసిన సంచులు, లావెండర్ వాసనవి. ఆమె చెయ్యి తగిలిన వస్తువుల్లో రోజూ వాడుకునేది అదొక్కటే మిగిలింది.

సందు మొదట్లో పికిల్ కూర్చుంది. డెన్నిస్ నడుం పట్టుకుని వంగి ఎత్తాడు, మాయిరా కట్టినట్టే రెండు ముళ్ళు వేశాడు. చేత్తో పట్టుకుని గేటు దాకా నడిచాడు. అక్కడ ఆగాడు. భార్య బెంచీ దగ్గరికి ఈ కంపు సంచి పట్టుకుని వెళ్ళడమేమిటనిపించింది. గేటు పక్క కొమ్మకు తగిలించాడు. "వచ్చేటప్పుడు తీసుకెళ్దాంలే," అని పికిల్‌తో పైకే అన్నాడు.

బెంచీ మీద కూర్చున్నవాడు లేవలేకపోయాడు. ఆసుపత్రిలో కూడా ఏడవని మనిషి అక్కడ సముద్రం ఎదురుగా చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. ఇంతలో పొగమంచు కమ్మింది. కొండకొమ్ము మీద మంచులో నడవడం మంచిది కాదని అటువైపు రోడ్డుకు దిగి, చుట్టుతిరిగి కారవాన్‌కు చేరాడు. సంచి సంగతి మర్చిపోయాడు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ గుర్తు రాలేదు.

సెప్టెంబరులో అతను మళ్ళీ వచ్చేసరికి నెరిస్ ముఖంలో కళ లేదు.

"సీరెన్‌కు ఒంట్లో బాగాలేదు డెన్నిస్. మేత ముట్టడం లేదు, నెమరు వెయ్యడం లేదు. చూడి కట్టిందని సంబరపడ్డాను, ఇప్పుడు చూడు, ఎముకలు లెక్కపెట్టొచ్చు," అంది.

డెన్నిస్ కొట్టంలోకి వెళ్ళాడు. గడ్డిలో కూలబడిన పెయ్య అతన్ని చూసి తల ఎత్తబోయింది. పక్కన కూర్చుని నుదుటి మచ్చ మీద చెయ్యి వేశాడు. "లేవమ్మా. నువ్వు కూడా ఇలా చేస్తే నేనేం కావాలి?" అన్నాడు. పశువుల డాక్టరు వచ్చి, కోసి చూద్దామని సరంజామా తెచ్చేలోపే దాని ప్రాణం పోయింది. చావుకు కారణం తెలియాలని నెరిస్ పట్టుబట్టింది. డాక్టరు పొట్ట కోసి చూశాడు.

ఆ మధ్యాహ్నం కారవాన్ల వాళ్ళంతా బయట కుర్చీలు వేసుకుని టీ తాగుతున్నారు. నెరిస్ బకెట్టు పట్టుకుని గబగబా నడిచి వచ్చింది. దాన్ని వాళ్ళ మధ్య గడ్డిమీద దించింది. లోపల పురికొసలా మెలిపడిపోయిన ప్లాస్టిక్ ముద్ద.

"ఇదిగో, నా పెయ్య కడుపులో ఉన్నది. పేగుల దారి మూసేసింది. గేటు దగ్గర కంచెకు మీరు పెట్టిన అలంకారాలివి. ఎవరివి ఇవి?"

 బెరిల్ అనే ఆవిడ, ఒళ్ళో బుల్లి పూడిల్ కుక్కను నిమురుతూ గొంతు సవరించుకుంది.

"మా బుజ్జిముండది మాత్రం కాదమ్మా, ఇది చేసేదే బఠాణీ గింజంత. పాతవాళ్ళం, మాకు పద్ధతులు తెలుసు. మే నెలలోనూ వచ్చాడుగా ఆ పచ్చబొట్ల పెద్దమనిషి, ఏనుగుల్లాంటి కుక్కలేసుకుని. ఆయన్నడగండి."

అందరి చూపులూ కైల్ మీదికి తిరిగాయి. అతను స్వాన్సీ నుంచి వచ్చిన కుర్రాడు, లారీ డ్రైవరు. మెడ నిండా పచ్చబొట్లు, పక్కన రెండు జర్మన్ షెపర్డ్‌లు. ముఖం జేవురించింది.

"నేను చూసుకుంటానండీ వాటిది. ఎప్పుడైనా ఒకటో అరో తగిలించానేమో, అందరూ తగిలించేదేగా. నా ఒక్కడిదేనా?"

"ఒప్పుకున్నాడు!" అంది బెరిల్.

"సర్దుకో. ఈ పూటే," అంది నెరిస్.

కైల్, ఇలాంటి చోట్ల వేలు ఎప్పుడూ తనవైపే తిరగడం అలవాటైపోయినవాడిలా లేచి, కారవాన్ల పక్కన వేసుకున్న తన గుడారం తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు.

డెన్నిస్ బకెట్టులోకి వంగి చూశాడు. నల్లవి రెండు, ఆకుపచ్చది ఒకటి, వాటి మధ్య వెలిసిన ఊదారంగు. దాని మూతికి రెండు ముళ్ళు. చెయ్యి దానంతట అదే కోటు జేబులోకి వెళ్ళి సంచుల చుట్టను పట్టుకుంది. మే నెల, గేటు, మంచు, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. 

నోరు మూసుకుంటే సరిపోతుంది. ఎవరికీ తెలియదు. మాయిరా పార్డో మొగుణ్ణి ఈ చెక్కలో ఎవరూ అనుమానించరు. నోరు విప్పితే ఈ పొలం పోతుంది, బెంచీ పోతుంది. మాయిరా ఇంకా ఉన్నట్టనిపించే చోటు భూమ్మీద అదొక్కటే.  అటు కైల్ గుడారం గుంజ ఒకటి పీకి కింద పడేశాడు.

"ఆగు నాయనా, విప్పకు," అన్నాడు డెన్నిస్. జేబులోంచి చుట్ట తీసి నెరిస్ చేతిలో పెట్టాడు. "ఆ ఊదారంగుది నాది."

నెరిస్ చుట్టను చూసింది, బకెట్టును చూసింది. "నువ్వా? నువ్వెందుకు చేస్తావు డెన్నిస్? మాయిరా ఏనాడైనా..."

"మాయిరా ఏనాడూ చెయ్యలేదు. నేనే చేశాను. వచ్చేటప్పుడు తీసుకెళ్దామనుకున్నాను. వేరే దారిన వెళ్ళిపోయాను."

నెరిస్ చుట్టను పిడికిట్లో బిగించింది. "అది గేటు దగ్గరికి ఎందుకొచ్చేదో తెలుసా నీకు? మిగతా ఆవులేవీ రావు. మనిషి అలికిడైతే చాలు, ఇది పరుగెత్తుకొచ్చేది. అక్కడ నిలబడ్డవాళ్ళు తనకేదో తెచ్చారని దాని నమ్మకం. నీ భార్య నేర్పిన నమ్మకం! అక్కడ ఏది వేలాడుతున్నా తన కోసమే అనుకుని నోట పెట్టుకుంది, పిచ్చిముండ."

ఆ మాటకు డెన్నిస్ కుర్చీలో కూలబడ్డాడు. రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. మాయిరా పాలు పట్టిన నోరు అది. అదే గేటు దగ్గర అతను పెట్టింది ఇది. పికిల్ మోకాళ్ళ మీదికెక్కి అతని వేళ్ళు నాకింది. దానికేం తెలుసు పాపం, దాని తప్పేముంది? కుక్క చెయ్యాల్సింది కుక్క చేసింది.

బెరిల్ పూడిల్‌ను ఎత్తుకుని చప్పుడు చెయ్యకుండా లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆ ఆకుపచ్చ సంచి ఎవరిదో ఎవరూ చెప్పలేదు. ఈనాటికీ చెప్పలేదు.

నెరిస్ గుడారం వైపు చూసింది. "కైల్, నువ్వుండు. తొందరపడి నోరు జారాను, ఏమనుకోకు. కానీ వచ్చే ఏడాది నుంచి ఈ చెక్కలోకి కుక్కలు రావు. ఎవరివీ రావు. ఇంకొక దాన్ని ఇలా కోయించలేను నేను." తర్వాత డెన్నిస్ వైపు తిరిగింది. సంచుల చుట్ట అతని చేతికిచ్చి, భుజం మీద ఒక్క క్షణం చెయ్యి ఉంచి, బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది. కుక్క లేకుండా అతను రాడని ఆమెకు తెలుసు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. ఆమెను తప్పుపట్టే నోరు నాకు లేదు.

మర్నాడు పొద్దున్నే డెన్నిస్ చెత్తగోనె పట్టుకుని సందులోకి బయల్దేరాడు. కంచెలో వేలాడుతున్నవాటిని ఒక్కొక్కటే విప్పి గోనెలో వేసుకుంటూ నడిచాడు. ముళ్ళు గీరుకుని చేతులు రక్తమయ్యాయి. వెనకనుంచి కైల్ వచ్చి గోనె రెండో కొస పట్టుకున్నాడు. గేటు దగ్గర ఆగారు. లోపల ఆవులు దూరంగా మేస్తున్నాయి. ఒక్కటీ తల ఎత్తి చూడలేదు.

"పెద్దాయనా, మీరు చెప్పకపోయినా జరిగిపోయేది. నేను పోయేవాణ్ణి, అంతే. మీకెందుకంత నష్టం?" అన్నాడు కైల్.

"నా భార్య కట్టినట్టు నా చేత్తో కట్టిన ముడి చూసి కూడా చెప్పకపోతే, ఆ బెంచీ మీద కూర్చునే ముఖం నాకుంటుందా?" అన్నాడు డెన్నిస్.

బెంచీ దగ్గర అతను ఎక్కువసేపు ఉండలేదు. బెంచీ పలకను చేత్తో తడిమి, "వెళ్ళొస్తాను" అనబోయి ఆగిపోయాడు. "వెళ్తున్నాను మాయిరా," అన్నాడు.

దిగి వస్తుంటే పికిల్ సందులో కూర్చుంది. డెన్నిస్ ఊదారంగు సంచి ఒకటి చించి, వంగి, ఎత్తి, రెండు ముళ్ళు వేశాడు. కైల్ గోనె మూతి తెరిచి పట్టుకున్నాడు. "ఇందులో పడేయండి. లేదా ఇక్కడ పెట్టండి, బండి తెచ్చేటప్పుడు నేను తీసుకొస్తాను."

డెన్నిస్ తల అడ్డంగా ఊపాడు. సంచిని చేత్తోనే పట్టుకుని చెత్తబుట్ట వైపు నడిచాడు. 

"వచ్చేటప్పుడు అనుకోకు బాబూ. మళ్ళీ అదే దారిన వస్తామో రామో ఎవరికి తెలుసు? మన కుక్కది మన చేతిలోనే ఉండాలి, చెత్తబుట్ట దాకా."