ఇరవయ్యో సభ్యుడి కోసం

చిట్యాలలో మోటర్లకు వైండింగ్ చేసే సులోచన, విద్యుత్ ఇంజనీరింగ్ సంఘానికి కార్యదర్శి అయి రెండు నెలలైంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో కలిపి యాభై ఎనిమిది మంది సభ్యులు. సమావేశంలో ఇరవై మంది ఉంటేనే తీర్మానం చెల్లుతుందని నియమావళి. పోయిన నెల పదహారు మందే వచ్చి, చాయ్ తాగి వెళ్లిపోయారు. ఈసారి భూపాలపల్లి ఫంక్షన్ హాల్లో పంతొమ్మిది మంది తేలారు.

"ఒక్కని కోసం ఆగుడెందుకు? ఇరవై అని రాయి" అన్నాడు అధ్యక్షుడు యాదగిరి. జనగామలో పేరున్న కాంట్రాక్టరు. సంఘానికి సొంత భవనం కట్టాలని ఆయన పట్టుదల. ఆ తీర్మానం ఇవాళే కావాలి.

"రాయనన్నా. లేనోళ్లను ఉన్నట్టు రాస్తే ఇగ మీటింగులెందుకు?" అంది సులోచన. అక్కడ అందరికన్నా చిన్నది తనే.

రేగొండలో మోటర్లు బాగుచేసే మరో సభ్యుడు మొగిలికి ఫోన్ చేసింది.

"లచ్చమ్మ పొలంల మోటర్ ఇప్పి కూసున్న చెల్లె. మడి ఎండుతాంది, ఎట్ల రావాలె?"

సులోచన ఫోన్ పెట్టేసి హాల్లో వాళ్లవైపు తిరిగింది. "మనమే పోదాం. మీటింగ్ హాల్లనే వెట్టాలని రూల్ లేదు కదా."

యాదగిరి నియమావళి తిరగేశాడు. నిజంగానే లేదు. నవ్వుకుంటూ లేచాడు.

రెండు కార్లు, ఆరు బైకులు పొలం దగ్గర ఆగేసరికి లచ్చమ్మ మొహం వాడిపోయింది. "గింతమంది వచ్చిండ్రంటే నా మోటర్ ఇగ బాగుగాదా బిడ్డా?"

"బాగైందవ్వా. వీళ్లు వేరే పని మీద వచ్చిండ్రు" అన్నాడు మొగిలి.

ఆమె తేలికపడి, ఎండు కట్టె అందుకుని స్టార్టర్ పెట్టె బటన్ ఒత్తబోయింది. సులోచన ఆపింది.

"కట్టెతోనెందుకవ్వా?"

"ముట్టుకుంటే జుమ్మంటది. రెండేండ్ల సంది గిట్లనే ఒత్తుతున్న."

యాదగిరి వచ్చి టెస్టర్ ఆనించాడు. పెట్టె మీదే ఎర్రగా వెలిగింది.

"ఎర్తింగ్ లేదన్నా. గీ వరుసల ఒక్క మోటరుకూ లేదు" అన్నాడు మొగిలి. "నా బండిల ఎర్తింగ్ పైపు, బొగ్గు ఉన్నయి. ఇయ్యాల గీ ఒక్కటన్న వేసి పోదామనుకున్న."

యాదగిరి మెయిన్ బంద్ చేసి, చొక్కా విప్పి మొగిలి చేతికిచ్చాడు. "గడ్డపార తే. సులోచనా, నువ్వు మీటింగ్ సురూ చెయ్యి. తవ్వుకుంట వింట."

అందరూ గట్టు మీద కూర్చున్నారు. భవనం సంగతి చదవాల్సిన సులోచన కాగితం మడిచేసింది. "ఈ ఏడు మొదటి పని ఇదే పెట్టుకుందాం. వానలు పడేలోపు ఒక్కొక్కరం ఇరవై మోటర్లకు ఎర్తింగ్ వేద్దాం. భవనం ఆ తర్వాత."

మహబూబాబాద్ బిక్షం ఒప్పుకోలేదు. "ఆఫీసే లేని సంఘాన్ని ఎవరు లెక్కజేస్తరు?"

గుంతలోంచి యాదగిరి తల ఎత్తాడు. "నేనూ గదే అనుకున్న బిక్షం. గిది చూసినంక అనబుద్ధిగాలె."

పంతొమ్మిది చేతులు లేచాయి. బిక్షం ఎత్తలేదు. ఆయన అభ్యంతరాన్ని కూడా సులోచన పొల్లుపోకుండా రాసింది. చదువుకుని, బాగానే రాశావన్నట్టు తలూపి, బిక్షం సంతకం పెట్టాడు.

లచ్చమ్మ ఇంట్లోంచి గంపెడు ఉప్పు తెచ్చింది. పైపు దింపి, బొగ్గు, ఉప్పు వేసి గుంత పూడ్చి, వైరు బిగించారు. యాదగిరి మెయిన్ వేసి పెట్టెకు టెస్టర్ ఆనిస్తే ఈసారి వెలగలేదు. ఆమె ఒక వేలితో పెట్టెను తాకింది. తర్వాత అరచెయ్యి మొత్తం ఆనించి, అట్లాగే నిలబడి నవ్వింది.