కప్పు కింద బెలూన్లు

సముద్రం ఒడ్డున ఉన్న అణు విద్యుత్ కేంద్రంలో మెహక్ ఇంజనీరు. రియాక్టర్‌ను కప్పి ఉంచే కాంక్రీటు గోపురం లోపల హైడ్రోజన్ పేరుకోకుండా చూడడం ఆమె పని. ప్రమాదంలో ఇంధన కడ్డీలు మరీ వేడెక్కితే, వాటి లోహపు తొడుగు ఆవిరితో కలిసి ఆ వాయువును పుట్టిస్తుంది. రంగూ వాసనా లేకుండా అది పైకి తేలుతుంది. తర్వాత ఒక్క నిప్పురవ్వ చాలు.

చెల్లెలు జోహా పెళ్లికి ముందు జరిగే మెహందీ వేడుకకు ఆమె మెదక్ వచ్చింది. ఫంక్షన్ హాల్లో అడుగుపెట్టగానే నీళ్ల అడుగున నడుస్తున్నట్టు అనిపించింది. కప్పంతా పసుపు, లేతాకుపచ్చ బెలూన్లు. ఫ్యాను గాలికి చేపల్లా మెల్లగా కదులుతున్నాయి. రిబ్బన్లు తలలను నిమురుతున్నాయి. బల్లల మీద కొవ్వొత్తులు, ఇంకా వెలిగించలేదు.

"వీట్ల ఏం గ్యాస్ నింపిండ్రు భాయ్?" అని అలంకరణ చేసిన తౌసిఫ్‌ను అడిగింది.

"హైడ్రోజనే మేడం. హీలియం మస్తు పిరం, గంత ధర ఎవలు పెడ్తరు."

"జర బయటికి తీయించుండ్రి."

తల్లి వజీరా విన్నది. "పిల్ల ముచ్చటపడి పెట్టించుకుంది బేటా. ఇప్పుడు తీసేస్తే బాగుంటదా?"

మెహక్ పెళ్లికూతురి గదిలోకి వెళ్లింది. జోహా మెహందీ ఆరని చేతులు చాపి కూర్చుంది.

"ఏమైంది ఆపా?" అని అక్కను అడిగింది.

"నీ బెలూన్లల్ల హైడ్రోజన్ నింపిండ్రు, కింద కొవ్వొత్తులున్నయి. రియాక్టర్ ఆపినప్పుడు గోపురం లోపలికి పోత. తలెత్తి చూస్తె అంత ఖాళీ. హైడ్రోజన్ వస్తే కండ్లకు కనవడది. అందుకే గోడలకు పెట్టెలు బిగించినం. వాటిల్లకు పోయిన హైడ్రోజన్ మంట లేకుండ ఆక్సిజన్‌తోని కలిసి నీళ్లయితది."

"మన హాల్ల గా పెట్టెలు లేవు కదా."

"లేవు."

జోహా లేచింది. చేతులు దూరంగా పట్టుకుని తల్లి దగ్గరికి నడిచింది. "వీటిని ఆకాశంల వదులుదాం అమ్మీ. అవి పైకి పోతుంటే నాకు చూడాలనుంది."

వజీరా కొంతసేపు కూతురి మొహం చూసి, ముందుగా తానే ఒక రిబ్బన్ అందుకుంది.

ఆడవాళ్లంతా గుత్తులు గుత్తులుగా పట్టుకుని బయటికొచ్చారు. ఆకాశంలో ఎరుపు ఇంకా పోలేదు. వదిలిన బెలూన్లు తొందర లేకుండా చర్చి శిఖరం దాటి ఎల్దుర్తి వైపు సాగాయి. జోహా మెహందీ చేతులతో పట్టుకోలేకపోతోందని మెహక్ ఆమె మణికట్టుకు ఒకటి కట్టింది. వజీరా కూతురి చేయి పట్టుకుని, ఆ ముడి విప్పడానికి చాలాసేపు తీసుకుంది. ముడి అంత గట్టిగా లేదు.

తౌసిఫ్ కొవ్వొత్తులు వెలిగించాడు. బోసి కప్పు కింద మెహక్ చాప మీద కూర్చుని, తనకూ మెహందీ పెట్టమని తల్లి ముందు అరచేయి తెరిచింది.