నూనెలో పెట్టిన రాయి

ఆ రాయి బొంబాయి రేవులో దిగేసరికి మా ఆయన వాల్తేరులో పరిశోధనకు చేరి మూడో ఏడు నడుస్తోంది. ఆయన పనిచేసే ప్రయోగశాలలో అలాంటి రాయి ఒకటి అప్పటికే ఉంది. రెండోది లేకపోతే మొదటిది ఉండీ లాభం లేదు. దాని దిగుమతి లైసెన్సు కోసం ప్రొఫెసరుగారు ఢిల్లీకి రాసి రాసి విసిగిపోయారట. చివరికి ఓడ వచ్చిందని కబురందగానే, పార్సిలులో వేస్తే పగులుతుందని భయపడి, నువ్వే పోయి చేత్తో పట్టుకుని రమ్మని ఆయన్ని పంపారు. స్కాలర్‌షిప్పు మార్చితో అయిపోతుంది. ఆలోగా కొలతలు చేతికొస్తే పొడిగిస్తారు, తరువాత డిగ్రీ, అక్కడే ఉద్యోగం. రాకపోతే ఇంటికి రావడమే.

బొంబాయి నుంచి గుంతకల్లు దాకా వచ్చి, అక్కడ బండి మారి బెజవాడ మీదుగా వాల్తేరు పోవాలి. నంద్యాల ఆ దారిలోనే ఉంది. అది యాభై ఏడో సంవత్సరం, దసరా రోజులు. పండక్కి రాకపోతే తల్లి ఊరుకోదని నంద్యాలలో దిగి, బస్సెక్కి, డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆళ్ళగడ్డ వచ్చాడు. పెళ్ళయినప్పటి నుంచి నేను అత్త దగ్గరే ఉంటున్నాను. ఉద్యోగం వచ్చాక వాల్తేరులో ఇల్లు తీసుకోవాలని మా ఆలోచన.

మా మామ విశ్వేశ్వరయ్య శిల్పి. ఆయన పోయాక రాతిపని కొట్టం మూతబడింది. మా అత్త ఆదిలక్ష్మమ్మ ఆయన ఉలులూ సుత్తెలూ గోనెలో చుట్టి అటక మీద పెట్టింది. ఏటా ఆయుధపూజకు వాటిని దించి, కడిగి, బొట్లు పెట్టి, మళ్ళీ అటకెక్కిస్తుంది. ఒక్కగానొక్క కొడుకు ఉలి పట్టలేదన్న కోపం సంవత్సరమంతా లోపలే ఉండి ఆ రోజు పైకి వస్తుంది. అమ్మవారి గూటి కింద పూజపీట ముందు కూర్చుని, "పోయినోని పనిముట్లు ఉండాయి, ఉన్నోనివి ఒకటీ లేవు" అని వీధిలోకి వినపడేలా అంటుంది. ఊళ్ళో ఎవరైనా నీ కొడుకు ఏం పని చేస్తున్నాడని అడిగితే చదువుతున్నాడనే చెప్పాలి. చదువు అయిపోయిన మనిషి ఇంకా చదువుతున్నాడంటే ఎవరు నమ్ముతారు?

ఈసారి ఆయన అన్నం తింటుండగా పక్కన పెట్టుకున్న డబ్బా చూసి, ఏందది అని అడిగింది. ఎప్పుడూ పొడిపొడిగా చెప్పి తప్పించుకునే మనిషి, ఆ రోజు ఎందుకో కుదురుగా కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. ఇందులో ఉన్నది ఒక రాయి, దీని జోడు వాల్తేరులో ఉంది. ప్రతి వస్తువులోనూ ఎలక్ట్రాన్లని కంటికి కనపడని రవ్వలుంటాయి. ఎలక్ట్రానుకు సరిజోడు పాజిట్రాన్ అని ఇంకొకటి ఉంది. బరువు అంతే, అన్నీ అంతే, లోపలి విద్యుత్తు ఒక్కటే తిరగబడి ఉంటుంది. ఈ లోకంలో దానికి నిలవనీడ లేదు. ఏదైనా వస్తువులోకి పంపితే ఒక ఎలక్ట్రాన్‌ను వెతుక్కుంటుంది. కొన్నిచోట్ల రెండూ కలిసి, రెప్పపాటులో కోటో వంతు కాలం ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. ఆ జంటకు పాజిట్రోనియం అని పేరు. తరువాత రెండూ లేకుండా పోతాయి.

"రెండూ మాయమైతే ఇంక నువ్వేం చూస్తావ్?" అంది మా అత్త.

"పోయేటప్పుడు రెండు వెలుగులు పుడతాయి మా. ఒకటి ఇటు పోతే ఒకటి అటు పోతాది. సరిగ్గా ఎదురెదురు."

"అందుకా రెండు రాళ్ళు?"

ఆయన ముద్ద ఆపి తల్లి వంక చూశాడు. ఆమెకు అది అర్థమైంది. పరీక్షించే వస్తువును నడుమ ఉంచి అటొక రాయి, ఇటొక రాయి పెట్టి, ఆ వెలుగులు తగిలి రెండూ ఒకేసారి మినుక్కుమంటే ఒక జంట పోయినట్టు లెక్క. ఆ జంట ఎంతసేపు బతికిందో కొలిస్తే, ఆ వస్తువు లోపల ఖాళీ ఎంత ఉందో తెలుస్తుంది. మామూలు పలుగురాయిలో అణువులు వరుసగా కూర్చుని ఉంటాయి గనుక జంటకు చోటు దొరకదు. అదే పలుగురాయిని కరిగించి పోస్తే వరుస చెదిరి సందులు ఏర్పడతాయి, వాటిలో కాస్త ఎక్కువసేపు బతుకుతుంది. నేను అనంతపురంలో ఇంటర్ దాకా భౌతికశాస్త్రం చదివాను కానీ, ఇది ఇంత తేటగా ఎవరూ నాకు చెప్పలేదు.

"మీ నాయన రాతిలో దేవున్ని చూస్తాండె. నువ్వు రాతిలో సందులు చూస్తాండావ్" అంది మా అత్త. ఎకసక్కెమే గాని గొంతులో కోపం లేదు. ఆ మాటకు ఆయన కూడా నవ్వాడు.

"అయితే ఇదేనా నీ పనిముట్టు?"

"ఇదే మా."

ఆమె చేయి కడుక్కుని వచ్చి, డబ్బాను రెండు చేతులతో ఎత్తి కళ్ళకద్దుకుంది. మూత తీసి చూపించమంది.

"వద్దులే మా. నూనెలో పెట్టినారు, చేతులు జిడ్డయితాయి" అన్నాడాయన.

అసలు సంగతి నాతో ముందే చెప్పాడు. అది ఉప్పుజాతి స్ఫటికం. గాలిలో చెమ్మ తగిలినా కరుగుతుంది, ఉన్నట్టుండి వేడి తగిలితే లోపల చిట్లుతుంది. అందుకే నూనెలో ముంచి, మూత చుట్టూ పట్టీ అతికించి పంపారు. అదంతా అమ్మకు చెబితే భయపడి ఆ గదిలోకే రాదని నవ్వాడు. ఇన్నేళ్ళకు ఆమె దగ్గరకొచ్చి కూర్చుంది, భయపెట్టడం ఇష్టం లేకపోయింది.

నవమి నాడు పొద్దున ఇద్దరం నంద్యాల వెళ్ళాం. మా నాయన అక్కడ డ్రాయింగు మాస్టరు. అల్లుణ్ణి చూడాలని కబురు పెట్టాడు. వాల్తేరు ప్రయాణానికి స్టేషన్లో సీటు కూడా చెప్పుకోవాలి. గుంతల రోడ్డు మీద అటూ ఇటూ తిప్పడం ఎందుకని డబ్బాను తువ్వాలులో చుట్టి మా గదిలో గూట్లో పెట్టి వెళ్ళాం. సాయంత్రం బస్సు కోసం వస్తూ బజారులో ఒక కొట్టు ముందు ఆగాం. నేను కిరసనాయిలు స్టవ్వు వంక చూస్తుంటే, ఇప్పుడే ఎందుకు, అక్కడే కొందాం, ఇక్కడ నుంచి మోసుకుపోవడం ఎందుకు అన్నాడు. 'అక్కడ' అని అంత మామూలుగా అనడం అదే మొదటిసారి. బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చాడు. దారి పొడుగునా వాల్తేరులో సముద్రం వాసన ఇంటి లోపలికి వస్తుందా, బట్టలు ఆరతాయా అని అడుగుతూ వచ్చాను. అన్నిటికీ జవాబు చెప్పాడు.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. మా అత్త తలారా స్నానం చేసి, పెట్టెలో దాచిన చీర కట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. కాళ్ళు కడుక్కుని రండి, రండి అని తొందర పెట్టింది. లోపల పీట మీద కొత్తగుడ్డ పరిచి, మామ ఉలులు వరుసగా పేర్చి ఉన్నాయి. సుత్తెలు ఒక పక్క, మట్టపు గుండు ఒక పక్క. నడుమ, అన్నిటికన్నా ఎత్తుగా, బోర్లించిన ఇత్తడి గిన్నె మీద ఆ రాయి ఉంది. దానికి పసుపు పూసి, మూడు కుంకుమబొట్లు పెట్టి, పైన బంతిపువ్వు ఉంచింది. పసుపు ఆరలేదు. రాయి అంచుల నుంచి తడి దిగి గిన్నె మీదుగా గుడ్డలోకి ఇంకుతోంది.

ఆయన గడప దగ్గరే ఆగిపోయాడు.

"జిడ్డు ఎంతకీ పోల్యా నాయనా" అంది మా అత్త. "ఉడుకునీళ్ళు పోసి సీకాయతో రుద్దినా. రుద్దేకొద్దీ జారుతానే ఉండాది. సిన్నప్పుడు నీకు తలకు పోసినట్ల పోసినా."

నేను నోరు తెరవబోయాను. ఆయన నా వంక చూడకుండానే చెయ్యి వెనక్కి చాచి నా మణికట్టు పట్టుకున్నాడు.

మా అత్త ఒక అడుగు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. ఇంటి పరువుకు సంబంధించిన మాట చెప్పేటప్పుడు అలా తగ్గిస్తుంది.

"ఒక మాట చెప్తా, ఏమీ అనుకోవాకు. రాతి లోపల బీట ఉండాది. కడిగినాక తెలిసింది. కొనేటప్పుడు చూసుకోలేదా నాయనా? మీ నాయన అయితే యెనక్కి పంపుతాండె."

"చూసుకోలేదు మా" అన్నాడాయన.

"పోనీలే. ఈసారి చూసుకో. దండం పెట్టుకో."

ఆయన చొక్కా విప్పి పక్కన పెట్టి, పీట ముందు సాష్టాంగపడ్డాడు. లేవడానికి కొంచెం సేపు పట్టింది. పూజలో పెట్టిన పనిముట్టును మరునాడు పొద్దున దాకా ముట్టకూడదు. అది మా అత్త పట్టింపు. అందుకని అది అక్కడే ఉంది. పీట ముందు గుడ్డ అంచు తడిసి పసుపుపచ్చగా అవుతుంటే, దీపం వత్తి సర్దే నెపంతో నేను అటు వెళ్ళి చూసి వచ్చాను. చూసి చేసేది ఏమీ లేదు.

పెరట్లో ఆయన రోటి మీద కూర్చుని ఉంటే అడిగాను, సాన పట్టి కొంతైనా మిగుల్చుకోలేమా అని. పైన కరిగింది మాత్రమే అయితే చేయవచ్చునట. బీట ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పోయింది, వెలుగు సరిగా బయటికి రాదు. అది ఇంక గాజుపెంకుతో సమానం.

"ఆమెకు చెప్పాల్సిందే" అన్నాను. "మన బతుకు పోయింది. తెలియొద్దా ఆమెకు?"

"చెప్పొద్దు."

"ఎందుకు చెప్పొద్దు?"

"నా పనిముట్టు అని ఇన్నేండ్లకు ఒకదాన్ని ముట్టుకున్యాది. అది తప్పని ఎట్ల చెప్పేది?" అన్నాడు. రోటి మీద నుంచి లేస్తూ, "నువ్వు కూడా చెప్పొద్దు. ఎప్పుడూ" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఆయన మీదా, ఆమె మీదా, ఎవరి మీదో తెలియదు. ఆ కోపంతోనే లోపలికి పోయి ఆమెకు మజ్జిగ కలిపి ఇచ్చాను. పొద్దున్నుంచి ఉపవాసం ఉందట, కొడుకు పేరు మీద.

దశమి నాడు పూజ కదిపాక ఆయన రాయిని తుడిచి, మళ్ళీ నూనెలో దించి మూత పెట్టాడు. చిన్నదైపోయింది గనుక డబ్బా ఎత్తితే లోపల కదిలిన చప్పుడు వచ్చింది. ఆ చప్పుడుతోనే నంద్యాలలో బండి ఎక్కాడు. దారిలో తన అజాగ్రత్త వల్ల తడిసిందని ప్రొఫెసరుగారితో చెప్పాడట. ఆయన తిట్టలేదట. డబ్బా మూత తీసి చూసి, మళ్ళీ పెట్టి, వేరే విద్యార్థితో వేరే పని మాట్లాడారట. ఇంకో రాయికి మళ్ళీ లైసెన్సు, మళ్ళీ ఓడ. మార్చిలోగా అయ్యే పని కాదు. మిగిలిన ఒక్క రాయితో ఆ నెలలన్నీ ఏదో చూస్తూ కూర్చున్నానని తరువాత చెప్పాడు. ఒక్కదానితో వెలుగు వచ్చిందని తెలుస్తుంది. అది ఎవరి జోడో, రెండోది ఎటు పోయిందో తెలియదు.

ఏప్రిల్‌లో పెట్టె, పరుపుచుట్ట తీసుకుని ఇంటికి వచ్చాడు. జూన్ నుంచి నంద్యాలలో ఒక హైస్కూల్లో సైన్సు చెప్పే పని కుదిరింది. శనివారం సాయంత్రం బస్సుకు వచ్చి సోమవారం పొద్దున వెళ్ళేలా ఏర్పాటు. మా నాయనే మాట్లాడాడు. మా ఆయన సరేనన్నాడు. మా అత్త ఆ వారమంతా పాటలు పాడుతూ తిరిగింది. ఆమె పాడగలదని నాకు అప్పుడే తెలిసింది.

వచ్చిన మూడో రోజో నాలుగో రోజో, ఆయన అన్నం తింటుంటే పక్కింటి సరస్వతమ్మ వచ్చి కూర్చుంది. అంత చదువు చదివి ఊరికి వచ్చినాడేందమ్మా అని అడిగింది. కావాలని గుచ్చడానికి అడిగిందో, మామూలుగానే అడిగిందో తెలియదు. నేను నీళ్ళ చెంబు పట్టుకుని అక్కడే ఉన్నాను.

మా అత్త విసనకర్ర ఆపలేదు.

"యేటా అడుగుతాంటి. ఆ యమ్మ పలకల్యా. వానిది అని చూపెట్టేదానికి ఒకటన్నా ఉండాల గదా. మొన్న దసరాకు వాని రాయి నా చేత్తో కడిగి ఆ యమ్మ ముందర పెట్టినా. ఆరు నెలలు తిరగల్యా, నా బిడ్డను నాకు తెచ్చి ఇచ్చె."

సరస్వతమ్మ రెండు చేతులూ ఎత్తి గూట్లోని అమ్మవారికి దండం పెట్టింది. నిజమే కదా నాయనా అన్నట్టు ఆయన వంక చూసింది. మా అత్త కూడా చూసింది. ఆమె మొహంలో అంత నిమ్మళం నేను మామ ఉన్నప్పుడు కూడా చూడలేదు.

"అవును పెద్దమ్మా" అన్నాడాయన.

విస్తట్లో అన్నం అట్లాగే ఉంది. కలిపిన ముద్ద కూడా ఆయన నోటికి ఎత్తలేదు. అయినా తల్లి వైపు తిరిగి, "ఇంకొంచెం పెట్టు మా" అని అడిగాడు.