లేపే మనిషి

బూట్ల కంపెనీలో చెకింగు పని చేసినన్నాళ్లూ ఆమెను అందరూ రిజెక్టమ్మ అనే పిలిచారు. కుట్టు కాస్త వంకరపోయినా, జిగురు బయటికి కారినా ఆ జత మీద ఎర్ర స్టిక్కరు పడాల్సిందే. మేనేజరు వచ్చి బతిమాలినా వినేది కాదు. "ఇవి మీరు తొడుక్కుని తిరుగుతారా? తిరగండి, పాస్ చేసేస్తాను" అనేది. అంత నోరున్న మనిషి, కంపెనీ మూతపడగానే మంచానికి అంటుకుపోయింది. జ్వరం లేదు, నొప్పి లేదు. గోడవైపు తిరిగి పడుకునేది, అంతే. పలకరించడానికి వచ్చినవాళ్లకు ఆమె వీపు తప్ప ముఖం కనిపించలేదు. "కదిపితే ఏడుస్తుంది, కదపకపోతే తిండి మానేస్తుంది. నన్నేం చెయ్యమంటారు?" అని వాళ్లాయన, పాపం, కనిపించిన ప్రతివాడినీ అడిగాడు. వ్యాను నడిపి వచ్చి వంట కూడా ఆయనే చేసుకున్నాడు.

ఆమెను లేపింది మిషను పిల్ల. లేపింది అంటే వచ్చి చెయ్యి పట్టుకుని లేపలేదు. ఆ పిల్ల కూడా అదే కంపెనీలో కుట్టు మిషను మీద కూర్చునేది, రెండు వీధుల అవతలే కాపురం. ఓ రోజు ఆ పిల్ల అత్తగారు వచ్చి గుమ్మంలో కూలబడింది. "మా కోడలు లేవనంటోంది తల్లీ. నువ్వంటే దానికి భయం. ఒక్కసారి వచ్చి నాలుగు తిట్టి పో" అంది.

ఇంకొకర్ని తిట్టాలంటే ముందు తను లేవాలి కదా! రిజెక్టమ్మ లేచింది. ముఖం కడుక్కుంది, జుట్టు దువ్వుకుంది, వెళ్లి ఆ పిల్ల దుప్పటి లాగేసింది. "సిగ్గులేదుటే? కంపెనీ పోతే చేతులు కూడా పోయాయా? లే!" అంది. ఇంటికి వచ్చాక ఆకలేసిందని భర్తను అన్నం పెట్టమంది. ఆయన కళ్లు తుడుచుకుంటూ వడ్డించాడు.

అప్పట్నుంచి రోజూ అదే వరస. పొద్దున్నే వెళ్లడం, గుమ్మంలో అత్తగారు "ఇంకా లేవలేదు చూడు" అనడం, లోపలికి పోయి దుప్పటి లాగడం. కొన్ని రోజులు దిండు తడిగా తగిలేది. రాత్రంతా ఏడ్చిందన్నమాట పిచ్చిమొహం, అనుకునేసరికి రిజెక్టమ్మ మనసు కరిగిపోయేది. పైకి మాత్రం ఇంకో రెండు తిట్లు ఎక్కువ తిట్టేది. ఆ తర్వాత ఇద్దరూ కాళ్లరిగేలా తిరిగేవారు. ప్రతి గేటు దగ్గరా మాట్లాడేది రిజెక్టమ్మే. "ఈ పిల్ల చెయ్యి చూడండి ఒకసారి. గీత గీసినట్టు కుడుతుంది. ఇలాంటిది మీకు దీపం పెట్టి వెతికినా దొరకదు" అని ఊదరగొట్టేది. "మరి మీకేం వచ్చమ్మా?" అని ఎవరైనా అడిగితే, "నా సంగతి తర్వాత, ముందు దీన్ని చూడండి" అనేది. నిజం చెప్పొద్దూ, ఆ మాట అన్నప్పుడల్లా ఆమెకు కొంచెం గర్వంగానే ఉండేది.

ఆ రోజు పాత గోదాముల వెనక సందులోకి వెళదామంది రిజెక్టమ్మ. అక్కడ బడి సంచులు కుట్టే షెడ్డు ఉందని ఎవరో చెప్పారట. మిషను పిల్ల ముఖం మాడిపోయింది.

"అటొద్దక్కా. కుక్కలున్నాయి."

"నీ ముఖం చూసి అవే పారిపోతాయి, పద."

"వాళ్లు మగవాళ్లనే పెట్టుకుంటారట."

"ఎవరు చెప్పారే నీకు? మనం వెళ్లి అడిగితే కదా తెలిసేది!"

"నా కాలు నొప్పెడుతోందక్కా."

"షెడ్డులో కూర్చుందువుగాని" అంటూ రిజెక్టమ్మ ఆమె రెక్క పుచ్చుకుని నడిచింది. పని వెతుక్కోవడంలో ఇంత బద్ధకం ఏమిటోనని ఒళ్లు మండింది కూడా.

షెడ్డులో వరసగా మిషన్లు మోగుతున్నాయి. నేలంతా నీలం గుడ్డముక్కలు. కళ్లజోడు నుదుటిమీదికి నెట్టుకున్న యజమాని వీళ్లను చూడగానే చేతిలో కత్తెర బల్లమీద పెట్టేసి ఎదురొచ్చాడు.

"హమ్మయ్య, వచ్చావా తల్లీ! ఎన్నిసార్లు కబురు పెట్టాను నీకు! అదిగో, మూల మిషను ఇంకా ఖాళీగానే ఉంది. ఆర్డరు నెత్తిమీద కూర్చుంది. ఇవాళ కూడా రాకపోతే ఇంకొకరికి ఇచ్చేద్దామనుకున్నాను."

రిజెక్టమ్మ వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.

"మీ అక్కకు ఎలా ఉందిప్పుడు? కాస్త లేచి తిరుగుతోందా?" అని ఆయన మిషను పిల్లనే అడిగాడు.

ఆ పిల్లకు తోడబుట్టినవాళ్లెవరూ లేరు. ఆమె అక్కా అని పిలిచేది ఈ లోకంలో ఒక్క మనిషినే. రిజెక్టమ్మకు తల కొట్టేసినట్టయింది. ఆ పిల్లను బయటికి లాక్కొచ్చింది.

"ఎప్పుడొచ్చావే ఇక్కడికి?"

"పోయిన నెల. అత్తయ్య తీసుకొచ్చింది. కుట్టి చూపించాను."

"పని ఇస్తామన్నారా?"

"అన్నారు."

"మరి రోజూ ముసుగుతన్ని ఆ పడుకోవడమేమిటే? ఆ ఏడుపేమిటి? దిండు తడిసిపోయి ఉండేది కదా!"

"ఏడుపు కాదక్కా. తలస్నానం" అంది మిషను పిల్ల. "మొదట్లో నిజంగానే లేవలేకపోయేదాన్ని. నువ్వు తిడుతుంటే తిడుతుంటే బాగుపడ్డాను. ఆ తర్వాత పనంతా చేసుకుని, స్నానం చేసి, నీ చెప్పుల చప్పుడు వినగానే మళ్లీ దుప్పటి కప్పుకునేదాన్ని."

"అంటే మీ అత్త గుమ్మంలో కాపలా కాసిందన్నమాట! ఇంత మనిషిని పట్టుకుని అత్తాకోడళ్లు కలిసి ఆటాడించారా? నేనేమన్నా చంటిపిల్లనా? నా మీద జాలిపడమని నిన్నెవరు అడిగారే?" రిజెక్టమ్మ గొంతు సందంతా వినిపించింది. మిషన్ల దగ్గర ఒకరిద్దరు తొక్కడం ఆపి చూశారు.

"జాలి కాదక్కా, భయం." ఆ పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. "నువ్వెలా పడుకున్నావో బావ అత్తయ్యకు చెప్పారు. నేను పనిలో చేరిపోతే, తెల్లారి నువ్వు ఎవర్ని లేపడానికి లేస్తావు?"

తన వల్ల ఈ పిల్ల చేతికొచ్చిన పని నెలరోజులు వదులుకుందన్న సంగతి అప్పుడు మెల్లగా రిజెక్టమ్మ బుర్రకెక్కింది. ఎక్కినకొద్దీ సిగ్గుతో చచ్చిపోయింది.

"కూర్చుంటుందా లేదా? ఏదో ఒకటి తేల్చండమ్మా" అని లోపల్నుంచి యజమాని కేకేశాడు.

"ఇంకోచోట దొరుకుతుందిలే. ముందు నీకు దొరకనీ. పదక్కా" అంది మిషను పిల్ల, ముక్కు తుడుచుకుంటూ.

"నోర్ముయ్యి!" రిజెక్టమ్మ ఆమెను ఈడ్చుకెళ్లి మూల మిషను ముందు కుదేసింది. జారిన పైట సర్దింది. చెంపమీది తడి తన కొంగుతోనే తుడిచింది. "కదిలావంటే కాళ్లు విరగ్గొడతాను" అంది.

యజమానికి మంచి మనసే ఉన్నట్టుంది. "మీరు కూడా పనికోసమేనా అమ్మా?" అని అడిగాడు.

"నా సంగతి తర్వాత" అనేసింది రిజెక్టమ్మ.

ఆయన "సరే మరి" అని కత్తెర అందుకున్నాడు. అలవాటైన మాట, ఆలోచించేలోపే నోట్లోంచి జారిపోయింది. సందు చివరికి వచ్చాక గానీ తనేం చేసిందో ఆమెకు తట్టలేదు. వెనక్కి వెళ్లి అడగొచ్చు. కానీ ఆ పిల్ల కళ్లముందు, ఇప్పుడే అంత గొడవ చేసి, మళ్లీ వెళ్లి చెయ్యి చాపడానికి ముఖం చెల్లలేదు.

రోడ్డుమీద నిలబడింది. ఎండ చురుక్కుమంటోంది. పక్కన ఎవరూ లేకపోవడం ఒళ్లంతా తెలుస్తోంది. కుడివైపు వెళితే ఇల్లు, తాళంచెవి కొంగునే ఉంది, మంచం ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. భర్త వచ్చేది సాయంత్రం. పడుకుంటే అడిగేవాడు లేడు. పడుకోవాలనిపించింది. అబ్బా, ఎంత పడుకోవాలనిపించిందంటే, కళ్లు వాటంతటవే మూతలు పడ్డాయి. కుడివైపు కొంత దూరం నడిచింది కూడా. రేపు పొద్దున్న, ఎల్లుండి పొద్దున్న, ఆ గోడ, ఆ పెచ్చులూడిన సున్నం గుర్తొచ్చి గుండె గుభేలుమంది. అక్కడే ఆగి, ఎవరో తరుముతున్నట్టు గిరుక్కున తిరిగి ఎడమవైపు నడిచింది.

ఎడమవైపు మందు సీసాలు కడిగి లేబుళ్లు వేసే కంపెనీ ఉంది. లోపల సీసాల గలగల. గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలోంచి లేవకుండానే అడిగాడు.

"ఏం కావాలమ్మా?"

"పని ఉందేమోనని వచ్చాం" అంది.

ఆయన ఆమె వెనక చూశాడు. "వచ్చాం అంటే? ఎవరికి పని?"

రిజెక్టమ్మ చెయ్యి దానంతటదే పక్కకు వెళ్లింది, ఎవరినో ముందుకు తొయ్యడానికన్నట్టు. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు.

"నాకు" అంది.

సీసాల మోతలో ఆయనకు వినపడలేదు. "ఎవరికి?" అని చెవి ఒగ్గాడు.

"నాకండీ! నాకే. చెకింగు చేస్తాను. పదహారేళ్లు చేశాను. పగుళ్లు, మచ్చలు, లేబులు వంకర, ఏదున్నా పట్టేస్తాను. నాకు పని కావాలి." అరుపో ఏడుపో ఆమెకే తెలియలేదు. ముక్కు, కళ్లు ఏకమైపోయాయి.

వాచ్‌మన్ కంగారుపడి కుర్చీలోంచి లేచాడు. "ఇప్పుడైతే ఖాళీల్లేవు తల్లీ. వచ్చే వారం ఎప్పుడైనా కనుక్కోండి" అన్నాడు.

రిజెక్టమ్మ కదల్లేదు. కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుంది.

"ఎప్పుడైనా అంటే నేను రాను" అంది. "ఏ రోజు, ఎన్నింటికి రమ్మంటారో చెప్పండి. ఆ టైముకు లేస్తాను."