టీచరమ్మ చెప్పులు

గ్లాసును వెలుగుకెత్తి చూశాడు. అంచున ఎవరి పెదవి రంగో ఇంకా పోలేదు. మళ్లీ నీళ్లలో ముంచాడు. మధ్యాహ్నం, పబ్బులోకి ఇంకా ఎవరూ రాలేదు. ఈపాటికి టీచరమ్మ వస్తుంది. ఇవాళ రాకుంటే బాగుండునని పొద్దుటినుంచీ అనుకుంటున్నాడు, అనుకున్నందుకు తననే తిట్టుకుంటున్నాడు.

ఎప్పుడో ఎవరో గొప్పింటివాళ్లు కట్టించుకున్న మేడ ఇది. తర్వాత కుట్టు నేర్పే బడి అయింది, ఆ తర్వాత పావురాల పాలైంది, ఇప్పుడు పబ్బు. బడి నడిపింది టీచరమ్మే. అతను పనిలేక గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్న రోజుల్లో ఇల్లు గడిచింది ఆవిడ నేర్పిన కుట్టుతోనే. ఇప్పుడు సీసాలు పేర్చిన గోడ పక్కనే అప్పట్లో అతని భార్య మిషను తొక్కడం నేర్చుకుంది.

ఆవిడ రోజూ వచ్చి కిటికీ దగ్గర కూర్చుని నిమ్మరసం తాగి పోతుంది. చెప్పులు మాత్రం గుమ్మం బయటే. బడిలో బట్ట నేలమీద పరిచి కత్తిరించేవాళ్లు. చెప్పులతో అడుగుపెడితే ఎవరికైనా వీపు విమానం మోతే.

పబ్బుకు వచ్చేవాళ్లలో సగంమంది ఆవిడ శిష్యురాళ్ల మొగుళ్లూ కొడుకులూ. ఆవిణ్ణి చూడగానే గ్లాసు వదిలేసి జారుకుంటున్నారు. నొప్పించకుండా సాగనంపమన్నాడు యజమాని. ఎలాగో చెప్పలేదు. ఉపాయం అతనికే తట్టింది, ఆ సంగతే అతన్ని తినేస్తోంది.

టీచరమ్మ వచ్చి చెప్పులు విప్పింది.

"అమ్మా, కింద గాజుపెంకులు ఉంటున్నాయి. ఇకనుంచి చెప్పులతోనే లోపలికి రావాలట," అన్నాడు, తల ఎత్తకుండా.

ఆవిడ నేలకేసి చూసింది. పొద్దున అతను తుడిచిన నేల, ఎక్కడా నలుసు కూడా లేదు.

"ఈ గదిలోకి చెప్పులతోనా? నావల్ల కాదులే నాయనా. ఒక్కసారి చూసుకుని పోతాను." రెండడుగులు వేసి ఆగింది. "మీ ఆవిణ్ణి అడిగానని చెప్పు."

అబద్ధమమ్మా, కూర్చో అనాలనుకున్నాడు. కడిగిన గ్లాసునే మళ్లీ కడిగాడు.

ఆవిడ కిటికీ రెక్కలు దగ్గరికి వేసింది. వీధి తలుపుకు లోపలినుంచి గడియ పెట్టింది. పెరటిదారిన వెళ్లిపోయింది. బడి మూసి ఇంటికెళ్లేటప్పుడు రోజూ అలాగే చేసేదని భార్య చెప్పేది.

కాసేపటికి బయట ఎవరో తలుపు తట్టారు. గడియ తీస్తే ఎండ మొహాన కొట్టింది. గుమ్మం పక్కన చెప్పులు అలాగే ఉన్నాయి. పరుగెత్తితే సందు చివర అందుకోవచ్చు. ఏ మొహం పెట్టుకుని?

"ఎవరివివి?" అన్నాడు వచ్చినవాడు, వాటిని దాటుతూ.

"తెలీదు సార్," అన్నాడు.

ఒక చెప్పు పట్టీ తెగితే నీలం దారంతో కుట్టి ఉంది, అతని చొక్కా జేబుమీద భార్య వేసిన కుట్టులాగే, చిన్నగా, దగ్గరదగ్గరగా.